భోజనం మధ్యలో లేచిన డాక్టరు గారు

మొన్న తాడేపల్లిగూడెంలో డాక్టరు గారి జ్ఞాపకార్థ కూడిక జరిగింది. చర్చి ఆవరణలో షామియానా వేశారు, కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. ఆ మైకు అందరికీ ఇచ్చారు. ఎప్పుడో ఒకసారి జ్వరానికి ఆయన దగ్గర మందు పుచ్చుకున్నాయనకి ఇచ్చారు. ఆయన వీధిలో ఇల్లు కట్టుకున్నాయనకి ఇచ్చారు. ఒక మాజీ సర్పంచి గారైతే బోలెడంతసేపు తన గురించే మాట్లాడుకుని, దిగిపోయే ముందు గుర్తొచ్చి డాక్టరు గారి పేరు తలుచుకున్నాడు. మొదటి నుంచీ చెయ్యెత్తి కూర్చున్న నాకు మాత్రం ఇవ్వలేదు.

"టైమైపోయిందండీ, భోజనాలు చల్లారిపోతాయి," అన్నాడు కూడిక నడిపిస్తున్న పెద్దమనిషి. సర్పంచి గారు మాట్లాడుతున్నప్పుడు చల్లారనివి నా దగ్గరికొచ్చేసరికి చల్లారిపోతాయట.

మాట్లాడినవాళ్లంతా ఒకటే మాట. ఆయన శాంతమూర్తి, గొంతు పెంచి ఎరగరు, లేనివాళ్ల దగ్గర ఫీజు అడగలేదు, ఆదివారం ఆరాధన మానలేదు. అన్నీ నిజమే, కాదనను. కానీ అలాంటి మంచివాళ్లు వెతికితే గూడెంలోనే ఇంకా దొరుకుతారు. ఆయన చేసిన పని ఒకటుంది. అది చేసినవాళ్లని నేను ఇంతవరకూ మళ్లీ చూడలేదు. తాను చెప్పింది తప్పని, ఆ మాట ఎక్కడ పాకిందో అక్కడికే వచ్చి, నలుగురి ముందూ నిలబడి చెప్పారు. ఆ సంగతి కూడికలో ఒక్కరూ ఎత్తలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను. నాకు మైకు రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

*

ఆయన క్లినిక్కు గూడెం కూరగాయల మార్కెట్టుకి వెళ్లే దారిలో ఉండేది. లోపల కూర్చుంటే బయట ఉల్లిపాయల బస్తాలు దించే చప్పుడు వినపడేది. నేను అప్పట్లో అక్కడి కాలువల ఆఫీసులో గుమాస్తాని. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. కడుపులో నొప్పి పట్టుకుంది. ఆకలేస్తే మెలిపెట్టేది, నాలుగు మెతుకులు పడితే ఊరుకునేది, తెల్లవారుజామున మళ్లీ లేపి కూర్చోబెట్టేది. మా ఆవిడ నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లింది.

సన్నటి మనిషి. చేతులు పొడుగు. స్టెతస్కోపు గోడకి మేకుకి వేలాడుతూ ఉండేది. దాని జోలికి ముందుగా వెళ్లేవారు కాదు. వచ్చినవాడికి జ్వరమైనా, దగ్గైనా, కాలు బెణికినా సరే మొదటి ప్రశ్న ఒక్కటే.

"నిన్న రాత్రి ఏం తిన్నారండీ?"

ఏదో ఒకటి చెప్పేస్తే ఊరుకోరు. మొత్తం చెప్పాలి. కళ్లు సగం మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, పాట కచేరీకి వచ్చినట్టు వినేవారు. మధ్యలో ఏదైనా దాటేస్తే పట్టేసేవారు.

"మరి పెరుగులోకి ఏమీ నంజుకోలేదా?"

"మాగాయ అండీ."

"అదీ! దాచేస్తే ఎలాగండీ?"

ఆ రోజు నేను బొమ్మిడాయిల పులుసు తిన్నానని చెప్పాను. మావాళ్లది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచు. బొమ్మిడాయి చేపలు దొరికాయంటే ఎవరో ఒకరు సంచిలో పట్టుకుని రైలెక్కి తెచ్చిచ్చేవారు.

"చింతపండు పులుసా, మామిడికాయ పులుసా?"

"మామిడికాయ అండీ."

డాక్టరు గారు గుటక వేశారు. నేను కళ్లారా చూశాను. గుటక వేసిన ఆ మనిషే ఆ పులుసు నాకు ఇక జన్మలో వద్దన్నారు. పచ్చళ్లు వద్దు, మిరపకాయ వద్దు, చారు కూడా వద్దు. పాలు, ఇడ్లీ, పెరుగన్నం. కడుపులో పుండు పడింది, అల్సరు, అన్నారు. అక్కడితో ఆపినా నేను ఆయన్ని జన్మంతా గుర్తుపెట్టుకునేవాణ్ణి కాదు.

"ఆఫీసులో ఎలా ఉంటుందండీ?" అని అడిగారు.

అడిగారు కదాని చెప్పాను. కొత్తగా వచ్చినవాడికి ఫ్యాను కింద కుర్చీ వేసి, నాకు పెంకులు కారే చోట వేసిన హెడ్‌క్లర్కు సంగతి చెప్పాను. మా పెళ్లిలో మగపెళ్లివారికి విడిదిలో మంచినీళ్లు పెట్టని సంగతి కూడా చెప్పాను, ఎందుకంటే పెట్టనివాళ్ల అమ్మాయి అక్కడే కూర్చుని ఉంది.

ఆ అమ్మాయి, అంటే మా ఆవిడ, చీర కొంగు సర్దుకుని మెల్లగా అంది. "ఇంట్లో కూడా ఇంతేనండీ."

డాక్టరు గారు జేబులోంచి పెన్ను తీశారు. ముందుకి వంగి, ఆ పెన్ను క్యాపుతో నా నుదుటి మీద టకటకమని తట్టారు. తలుపు కొట్టినట్టు.

"ఏవండీ, పుండు కడుపులో లేదండీ. ఇక్కడుంది. ఈ కోపం తగ్గించుకోండి, అదే పోతుంది."

చిరునవ్వుతోనే అన్నారు. అండీ అనే అన్నారు. మా వైపు ఎంత మాటన్నా అండీ చేర్చే అంటారు, అందుకే మరింత లోతుగా దిగుతుంది. మా ఆవిడ ఆ మాటని కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

*

అప్పటినుంచీ నా నోట్లోంచి వచ్చిన ఏ మాటా మాట కాకుండా పోయింది. అది అల్సరు. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడన్నాననుకోండి, మా ఆవిడ వెంటనే, "ఏవండీ, కాసిని పాలు తాగుతారా?" అనేది. ఆ నీళ్లపాలే! ఎదురింటివాళ్లు మురుగునీళ్లు మా గుమ్మం ముందుకి వదిలారన్నా పాలే. నేను ఫిర్యాదు చేసిన ప్రతిసారీ గ్లాసుడు పాలొచ్చేవి. నేను ఆ రోజుల్లో తాగినన్ని పాలు దూడ కూడా తాగి ఉండదు.

ఇంట్లో సంగతి సరే. విందుల్లో జరిగింది ఇంకా పెద్ద అవమానం. మా వైపు బంతి భోజనమంటే అందరూ వరసగా కూర్చుంటారు, వడ్డించేవాడు బకెట్టు పట్టుకుని ఆకు తర్వాత ఆకులో వేసుకుంటూ వస్తాడు. ఆ చివర పులుసు బకెట్టు బయల్దేరగానే వాసన నా దాకా వచ్చేది. నా పక్కాయన ఆకులో పడేది. సరిగ్గా నా దగ్గరికొచ్చేసరికి వెనకనుంచి ఎవరో ఒకరు కేకేసేవారు.

"ఆయనకి వెయ్యకండి! అల్సరండీ ఆయనకి!"

బకెట్టు నా తల మీదుగా దాటిపోయేది. వరస వరసంతా వంగి నా వంక చూసేది. "కోపం వల్ల వచ్చిందట, పాపం," అని ఎవరో, "అలాగా," అని ఇంకెవరో. పక్కాయన వేళ్లు చప్పరించుకుంటూ ఉంటే నేను పెరుగన్నం కలుపుకునేవాణ్ణి. ఎవరెవరు కేకేశారో ఇప్పటికీ చెప్పగలను. ఇద్దరు పోయారు. మిగిలినవాళ్లు బాగానే ఉన్నారు.

తర్వాత నాకు ఏలూరు బదిలీ అయింది. అయినా నేను గూడెం వెళ్లి ఆయనకే చూపించుకునేవాణ్ణి. "ఏలూరులో ఇంతమంది డాక్టర్లుండగా అంత దూరం ఎందుకండీ?" అనేది మా ఆవిడ. నేను వెళ్లేది మందుకి కాదు. ఆ మాట అన్న నోటితోనే ఆయన దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఇంకో డాక్టరు ఎంత గొప్పవాడైనా ఆ పని చెయ్యలేడు కదా.

వెళ్లిన ప్రతిసారీ చెప్పేవాణ్ణి. "డాక్టరు గారూ, నా కోపానికీ నా కడుపుకీ సంబంధం లేదండీ. న్యాయమైన కోపం అరిగిపోతుందండీ."

"నిన్న రాత్రి ఏం తిన్నారండీ?" అనేవారు.

"పెరుగన్నం. మీ ధర్మమా అని."

"నంజుకోడానికి?"

"మీ మాట."

ఆయన కిలకిలా నవ్వేవారు. ఇంత పొడుగు మనిషి అంత చిన్న నవ్వు నవ్వడం వింతగా ఉండేది. కోపం తెప్పిద్దామని నేను ఎన్ని విధాల ప్రయత్నించానో! ఒక్కసారీ తెచ్చుకోలేదు.

*

ఇంతలో మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, మండవల్లి దగ్గర నా వరిచేను పక్కనే తన చేలో చేపల చెరువు తవ్వించాడు. అందరూ తవ్విస్తున్నారు, తనూ తవ్వించాడు. కానీ చెరువుకీ పక్కవాడి చేనుకీ మధ్య ఊట నీళ్లు లాగేసే బోదె ఒకటి తియ్యాలి. అతను తియ్యలేదు. చెరువు నీళ్లు గట్టు కిందనుంచి నా చేలోకి ఊరిపోయేవి. కోతల వేళకి చేను బురదగా ఉండేది, పండిన వరి పడిపోయి నానేది, కోత మిషను దిగబడేది.

అడిగాను. "చూద్దాం బావగారూ," అన్నాడు. మళ్లీ అడిగాను. "తప్పకుండానండీ," అన్నాడు. చివరికి ఊరి పెద్దల్ని నా చేను గట్టు మీదే కూర్చోబెట్టాను. చెప్పాల్సింది వరసగా చెప్పాను. పెద్దలు తలలూపారు. అప్పుడు మా బావమరిది చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా లేచి నిలబడ్డాడు.

"బావగారు నాకు తండ్రిలాంటివారండీ. ఆయన్ని నేనేమీ అనను. ఆయనకి కడుపులో పుండండీ. కోపం వల్ల వచ్చిందని గూడెం డాక్టరు గారే చెప్పారు. అక్కయ్య ఎదురుగానే చెప్పారు. అంచేత ఆయన ఏమన్నా నేను మనసులో పెట్టుకోనండీ."

అంతే. పెద్దల మొహాలు జాలితో నిండిపోయాయి. చేలో నీళ్లు వాళ్ల కాళ్లకి తగులుతూనే ఉన్నాయి. అయినా ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆరోగ్యం చూసుకోండి ముందు," అన్నాడు. ఇంకెవరో గ్లాసుతో పాలు తెప్పించారు.

ఒక పెన్ను క్యాపు గూడెంలో తడితే మండవల్లిలో నా చేను మునిగింది. ఇంతకన్నా వివరంగా నా నష్టం నేను చెప్పలేను.

*

పుండుకి కారణం ఒక క్రిమి అన్న మాట నేను మొదటిసారి విన్నది డాక్టరు గారి గదిలోనే. మందుల కంపెనీ మనిషి ఒకాయన బ్యాగు పట్టుకుని వచ్చి, కడుపులో పుండు ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందని విదేశాల్లో తేల్చారండీ, అని చెప్పబోయాడు. బల్ల ఇవతల కూర్చున్న నాకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టరు గారు నవ్వేశారు. "ఏవండీ, కడుపులో ఆమ్లానికి ఇనుప మేకు కూడా తుప్పు పట్టిపోతుంది. అందులో క్రిమి కాపురం చేస్తుందా? ఆవకాయ జాడీలో కొరమేను ఈదుతోందంటే మీరు నమ్ముతారా?"

మందుల మనిషి బ్యాగు సర్దుకున్నాడు. నేను ఊరుకోలేదు. "మూత తీసి చూడందే ఎలా తెలుస్తుందండీ?" అన్నాను.

పెన్ను క్యాపు మళ్లీ వచ్చి నా నుదుటిని తట్టింది. "ఇక్కడుందండీ, ఇక్కడ."

రెండోసారి. ఇది కూడా జాగ్రత్త చేసుకున్నాను.

కొన్నేళ్లు గడిచాయి. ఒక రోజు ఏలూరులో మా ఇంటి ఫోను మోగింది. అవతల డాక్టరు గారు. ఆయన ఎప్పుడూ ఫోను చేసినవారు కాదు.

"ఏవండీ, కొరమేను కనపడిందండీ."

"ఏ కొరమేనండీ?"

"ఆవకాయ జాడీలోదండీ. ఒకసారి రండి."

దొరికిన రైలెక్కి గూడెంలో దిగాను. గదిలోకి వెళ్లగానే నా కళ్లు ముందు ఆయన బల్ల మీద పడ్డాయి. పెద్ద గాజు గ్లాసు, మీద మీగడ కట్టి ఉంది.

"ఈ పాలు ఎవరికండీ?"

"నాకేనండీ," అన్నారు నేల చూపులు చూస్తూ.

ఆయనకీ పుండు పడింది. గొంతు పెంచి ఎరగని మనిషికి, శాంతమూర్తికి, నేను ఇన్నేళ్లు ప్రయత్నించినా కోపం రాని మనిషికి. ఇందులో సంతోషించకూడదని తెలుసు. అయినా రైలు ఛార్జీలు గిట్టాయనిపించింది.

ఆయన కూతురు విజయవాడలో డాక్టరు, కడుపు జబ్బులే ఆవిడ చదువు. తండ్రి కడుపులోకి గొట్టం వేసి చూసింది ఆవిడే. ఆ రోజు అక్కడే ఉంది.

"అంకుల్, నాన్నగారికి కోపం రావడం మీరెప్పుడైనా చూశారా?"

"ఎంత తిట్టినా రాదమ్మా."

"మరి ఆయనకి పుండెందుకు వచ్చిందంటారు?"

"అది నన్నడుగుతావేంటమ్మా? ఆయన్నే అడుగు. నుదుటి మీద తట్టి అడుగు."

డాక్టరు గారు కిలకిలా నవ్వి, కడుపు పట్టుకున్నారు. నొప్పో నవ్వో తెలియలేదు.

అమ్మాయి అప్పుడు అంతా చెప్పింది. కడుపు గోడకి అంటుకుని ఒక మెలికల క్రిమి ఉంటుందట. తన చుట్టూ ఆమ్లాన్ని విరిచేసే పదార్థం ఒకటి తయారుచేసుకుని, దాని చాటున హాయిగా బతుకుతుందట. ఆస్ట్రేలియాలో ఇద్దరు డాక్టర్లు దాన్ని పట్టుకుని చెబితే పెద్ద పెద్దవాళ్లందరూ నవ్వారట. కోపం వల్ల, కారం వల్ల, దిగులు వల్ల వచ్చేదాన్ని క్రిమి అంటాడేమిటి అన్నారట. చివరికి ఆ ఇద్దర్లో ఒకాయన విసిగిపోయి ఆ క్రిముల్ని పెంచి, గ్లాసులో కలుపుకుని, తనే తాగేశాడట. కడుపు వాచి, వాంతులు పట్టుకుని, అప్పుడు చూడండి మరి అన్నాడట. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చిందని పేపర్లో చదివి, మా వీధిలో మిఠాయి పంచాను. ఎందుకని అడిగినవాళ్లందరికీ మొదటి నుంచీ చెప్పాను.

ఎవరూ నమ్మడం లేదని విషంలాంటిది గ్లాసెత్తి తాగినవాడు! ఆ దేశం ఎక్కడుందో, ఆయనెవరో నాకు తెలియదు. కానీ వింటూంటే మా వాళ్లలో ఒకడే అనిపించింది. మా ఇంటావంటా ఎవరూ అలాంటివాళ్లు లేరు, నేను తప్ప.

*

విజయవాడలో నాకూ గొట్టం వేశారు. దాని గురించి నాకున్న ఫిర్యాదులు వేరే రాస్తాను. కడుపులోంచి గోరంత ముక్క గిల్లి, పసుపు రంగు మందున్న చిన్న గుంటలో పెట్టింది అమ్మాయి. డాక్టరు గారు నా పక్కనే నిలబడి ఉన్నారు. మేం చూస్తూండగానే ఆ పసుపు అంచుల్లో ఎర్రబడి, నెమ్మదిగా అంతా గులాబీ రంగు తిరిగింది.

"ఆ క్రిమి వల్ల ఆమ్లం విరిగితే ఇలా రంగు మారుతుంది అంకుల్," అంది అమ్మాయి.

"పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడదూ, అలాగేనండీ," అన్నారు డాక్టరు గారు. కాసేపు దాని వంకే చూశారు. "పెళ్లికూతురి కాళ్లకి పెట్టడం చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఇలా చూపిస్తారనుకోలేదు."

నా కడుపు నా తరఫున సాక్ష్యం చెబుతోంది, నేను అడ్డం రాకూడదు.

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. నేను తల వెనక్కి లాక్కున్నాను. ఆయన క్యాపుతో తన నుదుటి మీద టకటకమని తట్టుకున్నారు.

"పుండు ఇక్కడ ఉండేదండీ. నాది."

ఇంకొకడైతే కరిగిపోయేవాడు. నేను, "సరిపోదండీ," అన్నాను.

"అదేంటండీ?"

"ఇక్కడ మా ఆవిడ లేదు. మా బావమరిది లేడు. నా చేలో నీళ్లలో నిలబడి నాకు పాలు తాగించినవాళ్లు లేరు. మీ మాట గూడెంలో పుట్టి మండవల్లి దాకా వెళ్లిందండీ. దాన్ని వెనక్కి పిలవాలంటే మీరే అక్కడికి రావాలి."

అమ్మాయి, "అంకుల్!" అంది కాస్త గట్టిగా. డాక్టరు గారు ఆవిణ్ణి ఆగమన్నారు.

"ఇలా నేను నుదురు తట్టి పంపించేసినవాళ్లు చాలామందే ఉన్నారండీ. వాళ్లు మర్చిపోయి ఉంటారు. గుర్తుపెట్టుకున్నది మీరొక్కరే. మీ దగ్గర్నుంచే మొదలుపెడతాను. పదండి, ఎప్పుడు రమ్మంటారు?"

నా జ్ఞాపకశక్తిని ఒక మనిషి మెచ్చుకోవడం అదే మొదలు. చివరా అదే.

రెండు వారాలు రకరకాల మాత్రలు మింగాను. నోరంతా ఇనప రుచి. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున మెలకువ రాలేదు. నిద్ర లేచేసరికి ఎండ మంచం మీద పడి ఉంది. కడుపు చప్పుడు చెయ్యడం లేదు.

*

మా బావమరిది చెరువు పట్టుబడి రోజు డాక్టరు గార్ని పిలిపించాను. పట్టుబడంటే చెరువులో చేపలన్నీ వలతో లాగి, ఐసు వేసి లారీలకి ఎత్తే రోజు. మావైపు ఆ రోజు గట్టు మీదే వంట చేసి ఊళ్లోవాళ్లకి భోజనాలు పెడతారు. డాక్టరు గారొస్తారంటే మా బావమరిది పొంగిపోయాడు. ఆయన తన సాక్షి అనుకున్నాడు మరి.

గట్టు మీద పట్టాలు పరిచి ఆకులు వేశారు. ఒక పక్క చెరువు, ఇంకో పక్క కింద నా చేను, ఊట నీళ్లతో మెరుస్తూ. వచ్చినవాళ్లలో వయసులో, మర్యాదలో పెద్ద కాబట్టి డాక్టరు గార్ని వరస మొదట కూర్చోబెట్టారు. ఊరి పెద్దలు ఆయన పక్కన. నేను మధ్యలో. ఆడవాళ్లు వడ్డన దగ్గర నిలబడ్డారు, వాళ్లలో మా ఆవిడ.

శీలావతి చేప వేపుడు వచ్చింది, దాటిపోయింది. తర్వాత బొమ్మిడాయిల పులుసు బయల్దేరింది. మామిడికాయ వేసిన పులుసు. అందరి ఆకుల్లో పడుతూ వచ్చింది. నా ఆకు ముందు వడ్డించేవాడు ఆగాడు. వెనకనుంచి మా బావమరిది గొంతు, ప్రేమగా, "బావగారికి వద్దండీ, అల్సరు," అంది. బకెట్టు నా తల మీదుగా దాటింది.

డాక్టరు గారు లేచి నిలబడ్డారు.

మా వైపు మర్యాద తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. బంతిలో పెద్దాయన లేచాడంటే భోజనం అయిపోయినట్టే. ఆయన లేస్తే ఇంకెవరూ ముద్ద ఎత్తకూడదు. అంచేత ఆ గట్టు పొడుగునా చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒకాయన నోటిదాకా వెళ్లిన ముద్ద మళ్లీ ఆకులోకి దిగింది. ఊరి పెద్దొకాయన తన ఆకులో పులుసు వంక, డాక్టరు గారి వంక ఏడుపు మొహంతో చూశాడు. ఏం తప్పు జరిగిందోనని మా బావమరిది పరిగెత్తుకొచ్చాడు.

"డాక్టరు గారూ! ఏదైనా లోపం జరిగిందా అండీ?"

"జరిగిందండీ. నా వల్ల."

ఆయన వడ్డించేవాడి చేతిలోంచి బకెట్టు తీసుకున్నారు. ఎడం చేత్తో పట్టుకుని, ఎంగిలి కుడిచెయ్యి దూరంగా పెట్టుకుని, వరస వెంబడి నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి ఆగారు. గొంతు పెంచలేదు. అవసరం లేకపోయింది, అందరి నోళ్లూ ఖాళీగా ఉన్నాయి.

"ఈయన కడుపులో పుండు కోపం వల్ల వచ్చిందని చెప్పింది నేనండీ. నుదుటి మీద తట్టి మరీ చెప్పాను. తప్పు చెప్పాను. అది ఒక క్రిమి వల్ల వచ్చింది. అదే క్రిమి వల్ల నాకూ వచ్చింది. మందు వేసుకున్నాం, ఇద్దరికీ పోయింది. ఈయన ఏమైనా తినొచ్చు."

కింద నా చేను వంక చూశారు, ఇటు చెరువు వంక చూశారు.

"కోపం సంగతి వేరండీ. పుండు క్రిమి వల్ల వచ్చింది. కోపం మాత్రం, ఇదిగో, ఈ చెరువు వల్ల వచ్చింది. దానికి నా దగ్గర మందు లేదు."

వడ్డన దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అది మా ఆవిడని ఇప్పటికీ ఒప్పుకోదు. ఆ తర్వాత గట్టంతా నవ్వింది. నవ్వు ఆగాక ఏడుపు మొహం పెద్దాయన మా బావమరిదితో అన్నాడు.

"ఏమయ్యా, ఆ బోదె తవ్విస్తానని చెప్పెయ్యి. ఆయన కూర్చుంటే గానీ మేం తినలేం. పులుసు చల్లారిపోతోంది."

"తవ్విస్తానండీ," అన్నాడు మా బావమరిది. ఎర్రబడ్డాడు, పారాణిలాగా. "బావగారూ, ఈ కోతల్లోపే తవ్విస్తాను."

"నలుగురూ విన్నారు," అన్నాను నేను.

డాక్టరు గారు వంగి నా ఆకులో పులుసు వేశారు. చాలు అనలేదు నేను. ఆయనా ఆపలేదు. తర్వాత వెళ్లి తన ఆకు ముందు కూర్చున్నారు. ఒకసారి లేచాక మళ్లీ కూర్చోకూడదని ఎవరో గొణిగారు. అయినా అందరూ ఆత్రంగా తినేశారు.

బోదె తవ్వారు. మెలికలు మెలికలుగా తవ్వారు, అదింకో కథ. చేను మాత్రం ఆరింది.

*

మా ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "పుండు పోయింది సరే, కోపం పోలేదేం?" అని ఒకసారి డాక్టరు గారి ఎదురుగానే అడిగింది.

"అదేనమ్మా రుజువు," అన్నారాయన. "రెండూ ఒకటే అయితే రెండూ పోవాలి కదా. ఒకటి పోయింది, ఒకటి అలాగే ఉంది. నాకు ఇంతకన్నా మంచి కేసు దొరకలేదు."

మా ఆవిడ మొహం చూడాల్సింది.

ఆయన ప్రాక్టీసు మానేశాక కూడా నేను నెలకోసారి వెళ్లేవాణ్ణి. మందుకి కాదు, మాట కోసం కూడా కాదు, అది వచ్చేసింది కదా. ఊరికే. ఆయన వాలుకుర్చీలో కూర్చుని, కళ్లు సగం మూసుకుని, "నిన్న రాత్రి ఏం తిన్నారండీ?" అనేవారు. నేను చెప్పేవాణ్ణి. మధ్యలో నా ఫిర్యాదులు వచ్చేవి, అవీ పూర్తిగా వినేవారు. పాలు తెప్పించేవారు కాదు.

మొన్న కూడికలో మైకు రాకపోయినా భోజనానికి ఉన్నాను. ఇప్పుడు బంతులెక్కడివి, పళ్లేలు పట్టుకుని నిలబడి తినడమే. డాక్టరు గారి అమ్మాయి నన్ను దూరంనుంచి చూసి, పులుసు గరిటె తనే పట్టుకుని వచ్చింది. నా పళ్లెంలో వేసి, చాలంటానేమోనని నా మొహం వంక చూసింది. నేను అనలేదు. ఇంకో గరిటె వేసింది.

సాయంత్రం ఏలూరు చేరాను. మర్నాడంతా ఎదురుచూశాను. ఏం తిన్నారని ఎవరూ అడగలేదు.

బొమ్మిడాయిల పులుసండీ, డాక్టరు గారూ. చింతపండుతో చేశారు. మామిడికాయలు దొరికే రోజులే, అయినా చింతపండే వేశారు, ఎవరు చెప్పారో. ఉప్పు సరిపోయింది. చేపలు తాజావే, కొల్లేటివే అయ్యుండాలి. పెరుగులోకి మాగాయ నంజుకున్నాను, దాచడం లేదు. కడుపు బాగానే ఉంది. మైకు ఇవ్వనందుకు కోపంగా ఉంది.